విప్పి చూసిన నాయుడు

సర్వో మోటారు ఒకటి చేతిలో ఉంటే దాని అడుగున ఉన్న నాలుగు స్క్రూలూ విప్పి చూడండి. పాడైపోతుందని భయం వద్దు, చిన్న నీలం రంగు సర్వో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో ఇంకోటి దొరుకుతుంది. లోపల ఏముంటుంది? నాలుగైదు తెల్ల ప్లాస్టిక్ పళ్ళచక్రాలు, బొటనవేలు గోరంత డీసీ మోటారు, దాని పక్కన ఒక బుల్లి పొటెన్షియోమీటరు, కింద ఒక సర్క్యూట్ ముక్క. అంతే. మనం బోర్డు నుంచి పంపే సిగ్నల్ ఎంత కోణానికి తిరగాలో చెబుతుంది, పొటెన్షియోమీటరు ఇప్పుడు ఎంత కోణంలో ఉన్నామో చెబుతుంది, ఆ రెండిటికీ తేడా పోయేదాకా మోటారు తిరుగుతుంది. అంటే సర్వోలోనే ఒక సెన్సర్ ఉంది. ఈ విషయం వీడియో చూసి తెలుసుకోవచ్చు, కానీ విప్పి చూస్తే మర్చిపోరు.

ఈ వ్యాసం సర్వో గురించి కాదు. జీవితమంతా ఇలా ప్రతి వస్తువునీ విప్పి చూసిన ఒక తెలుగాయన గురించి. తార్నాకలో ఒక ఫ్రెండ్ రూములో మా టీమ్ నాలుగు కాళ్ళ రోబో ఒకటి చేస్తోంది. సాయంత్రాలు వైర్లు బిగిస్తూ ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. అందుకే మధ్యమధ్యలో మా రోబో కూడా వస్తుంది, ఏమనుకోకండి.

ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరూ జి.డి.నాయుడు అంటారు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో పుట్టారు. తమిళనాడులో పుట్టినాయన మనవాడు ఎలా అయ్యాడంటే, కొన్ని వందల ఏళ్ళ క్రితం, విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాతా దక్షిణానికి వలస వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. నాయుడుగారిది అలాంటి రైతు కుటుంబం. కోయంబత్తూరులో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండరు. మనకి మాత్రం ఎడిసన్ పాఠం ఉంది కానీ ఈయన పాఠం లేదు. ఆయన్ని భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. నాకా పోలిక అంతగా నచ్చదు. ఎడిసన్ దగ్గర పెద్ద ల్యాబు, జీతాలిచ్చి పెట్టుకున్న బృందం ఉండేవి. ఈయన దగ్గర మొదట్లో ఉన్నది ఒక పాత మోటారుసైకిలు.

బడి ఆయనకి పడలేదు. పంతులుగారి కళ్ళలో ఇసుక కొట్టి పారిపోయేవాడని కథ చెబుతారు. ఏమైనా చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది, పొలం పనిలో పడ్డారు. అప్పుడే ఒకరోజు ఊరి దారిలో ఒక బ్రిటిష్ అధికారి మోటారుసైకిలు మీద వెళ్ళడం చూశారు. ఎద్దూ లేదు, గుర్రమూ లేదు, బండి తనంతట తాను పోతోంది. ఇప్పుడు మనకి అది పెద్ద విషయం కాదు. కానీ ఎడ్లబండి తప్ప ఇంకో బండి ఎరగని ఊళ్ళో అది ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

అలాంటి బండి కొనాలంటే డబ్బు కావాలి. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వర్‌గా చేరారు. ఏళ్ళ తరబడి వడ్డించి, గ్లాసులు ఎత్తి, పైసా పైసా కూడబెట్టి చివరికి ఆ బండినే కొన్నారు. 1912 నాటి రడ్జ్ కంపెనీ మోటారుసైకిలు. అప్పటికి ఆయన వయసు దాదాపు మనంత.

కొన్నాక ఆయన చేసిన పని చూడండి. ఊరేగలేదు. మొత్తం విప్పేశారు. విప్పి, మళ్ళీ బిగించారు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు అదే అనిపిస్తుంది. మాన్యువల్ ఉన్నా అది ఇంగ్లీషులో ఉంటుంది, ఆయన చదువు చూస్తే అంతంత. అడగడానికి మెకానిక్ లేడు. నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందో, పెట్రోలు గాలితో ఎక్కడ కలుస్తుందో, ఆ బలం చక్రం దాకా ఎలా వస్తుందో భాగాలే చెప్పాలి. విప్పడం ఎవరైనా చేస్తారు, నేను మూడో క్లాసులో రేడియో విప్పాను. మళ్ళీ బిగించాక బండి స్టార్ట్ అవ్వడంలోనే ఉంది అసలు పరీక్ష. ఒక భాగం తిరగబడినా, ఒక వాషర్ మిగిలిపోయినా ఇంజను ఒప్పుకోదు.

మన క్లబ్బుల్లో జరిగేది దీనికి ఉల్టా. పన్నెండు సర్వోలు, అల్ట్రాసోనిక్ సెన్సర్, బ్యాటరీ, బోర్డు అన్నీ ఒకేసారి కలిపేసి, దొరికిన కోడ్ ఎక్కించి, స్విచ్ వేస్తారు. రోబో వణుకుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. తప్పు కోడ్‌లో ఉందా, వైరులో ఉందా, బ్యాటరీలో ఉందా తెలీదు. మా టీమ్‌లో ఒక సీనియర్ అక్క మొదటి రోజే ఒక పద్ధతి పెట్టింది. ముందు ఒకే ఒక సర్వో. గోధుమ వైరు గ్రౌండుకి, ఎర్రది ఐదు వోల్టులకి, నారింజది సిగ్నల్‌కి. ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒక పల్స్ పంపాలి. పల్స్ వెడల్పు ఒకటిన్నర మిల్లీసెకన్లయితే మధ్యలో ఆగాలి, ఒకటయితే ఒక పక్కకి, రెండయితే ఇంకో పక్కకి తిరగాలి. తిరిగిందా? నోట్‌బుక్‌లో రాసి, దాని మీద మార్కర్‌తో నంబరు వేసి, తర్వాతది. సర్వోలకి కరెంటు బోర్డు నుంచి కాదు, విడిగా ఇవ్వాలి, ఎందుకంటే సర్వో కదలడం మొదలుపెట్టినప్పుడు, దేన్నైనా గుద్దుకుని ఆగిపోయినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోతే బోర్డు నిద్రపోయి లేచినట్టు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. కరెంటు విడిగా ఇచ్చినా గ్రౌండు వైర్లు మాత్రం కలిపే ఉంచాలి, లేకపోతే సిగ్నల్‌కి అర్థం ఉండదు. సెన్సర్‌కీ ఇదే వరస. గోడకి స్కేలు పెట్టి పది సెంటీమీటర్లు, ఇరవై, ముప్ఫై. ప్రతిధ్వని తిరిగి వచ్చిన మైక్రోసెకన్లని 58తో భాగిస్తే స్కేలు మీది అంకె రావాలి. వస్తేనే రోబోకి బిగించాలి. నాయుడుగారి సంగతి అక్కకి తెలీదు, కానీ ఆ రడ్జ్ బండి ముందు కూర్చున్న కుర్రాడు ఈ వరసని ఒప్పుకునేవాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఆయన వ్యాపారాల్లో పడి లేచారు. తిరుప్పూరులో పత్తి వ్యాపారంలో బాగా సంపాదించి, బొంబాయి వెళ్ళి అంతా పోగొట్టుకుని తిరిగి వచ్చారు. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి ఉండేవారు. ఆయన సాయంతో 1920లో ఒక బస్సు వచ్చింది. పొల్లాచ్చి నుంచి పళనికి ఆ బస్సుని నాయుడుగారే స్వయంగా నడిపారు. ఒక్క బస్సు కాస్తా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద కంపెనీ అయింది. దేశంలోనే బాగా నడిచే బస్సు సర్వీసుల్లో ఒకటని దానికి పేరు. నన్నడిగితే ఆయన ఇంజనీరింగ్ డిగ్రీ ఇదే. ఎన్నో బండ్లు రోజూ కొండదారుల్లో, ఎండలో, వానలో తిరిగి సాయంత్రానికి షెడ్డుకి వస్తాయి, ప్రతిదీ ఏదో ఒక జబ్బు తెస్తుంది. ల్యాబులో ఒకసారి పనిచేసిన సర్క్యూట్‌కీ, రోజూ పనిచెయ్యాల్సిన యంత్రానికీ ఎంత తేడా ఉందో బస్సు ఓనర్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

1930ల్లో కోయంబత్తూరుకి ఒక కొత్త వస్తువు వచ్చింది. కరెంటు. నీలగిరి కొండల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలవడంతో కింద మైదానంలో బట్టల మిల్లులు పెరిగాయి, లోతు బావుల్లో నీళ్ళు తోడడానికి పంపులు అడిగే రైతులు పెరిగారు. వీటన్నిటికీ కావాల్సింది ఎలక్ట్రిక్ మోటారు. అది విదేశాల నుంచి ఓడలో రావాలి, పాడైతే భాగాలూ అక్కడి నుంచే రావాలి.

నాయుడుగారు, డి.బాలసుందరం నాయుడు కలిసి 1937లో పీళమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో ఒక మోటారు తయారుచేశారు. భారతదేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు అదేనని చెబుతారు. మోటారు అంటే రాగి తీగ చుట్టేస్తే అయిపోదు. (తీగచుట్ట అని రాయాలా వైండింగ్ అని రాయాలా అని కాసేపు ఆలోచించాను. కాచిగూడలో మా ఇంటి దగ్గర మోటార్లు రిపేరు చేసేవాళ్ళంతా వైండింగ్ అనే అంటారు, నేనూ అదే అంటాను.) లోపలి ఇనుము ఒకే ముద్దగా ఉంటే దాంట్లోనే కరెంటు సుడులు తిరిగి వేడెక్కిపోతుంది, అందుకే పలచటి రేకులు పేర్చి, రేకుకీ రేకుకీ మధ్య పూత వెయ్యాలి. వైండింగ్ తీగ మీది పూత ఎక్కడ గీసుకుపోయినా షార్ట్ అవుతుంది. తిరిగే భాగానికీ, తిరగని భాగానికీ మధ్య సందు చాలా తక్కువ ఉండాలి, కానీ రెండూ రాసుకోకూడదు. బరువు ఒక పక్కకి ఎక్కువైతే వణుకుతుంది, బేరింగులు పోతాయి. ఇక్కడ రేకు, పూత, లేత్ పని, తీగ, పరీక్ష అన్నీ ఒకే షెడ్డులో కుదరాలి. దేశంలో అంతకుముందు ఎవరూ కుదర్చలేదు కాబట్టి అడిగి తెలుసుకునే వీలూ లేదు.

బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ అనే కంపెనీ పెట్టారు. ఆ ఒక్క మోటారు వెనక ఊరంతా మోటార్ల ఊరైపోయింది. ఇప్పుడు మీ ఇంట్లో బోరు పంపు మీద, ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండరు మీద కోయంబత్తూరు అని ఉందేమో ఓసారి చూడండి. వెట్ గ్రైండర్లకైతే ఆ ఊరి పేరు మీద భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

అంత పెద్ద మోటార్ల మనిషి బుల్లి మోటారు మీద కూడా పడ్డారు. డ్రై సెల్స్‌తో నడిచే షేవింగ్ రేజరు ఒకటి చేసి దానికి రసాంత్ అని పేరు పెట్టారు. చేతిలో పట్టేంత డబ్బాలో బ్యాటరీలు, వాటితో తిరిగే చిన్న మోటారు. మొదట్లో చెప్పిన సర్వోలోని బొటనవేలు గోరంత మోటారుకి దీన్ని దూరపు తాతయ్య అనుకోవచ్చు. చాలా పలచటి బ్లేడ్లు, పళ్ళరసం తీసే యంత్రం, సినిమా కెమెరాలో దూరాన్ని సరిచేసే పరికరం, కిరోసిన్‌తో నడిచే ఫ్యాను కూడా చేశారు. కిరోసిన్ ఫ్యాను అంటే నవ్వొస్తుంది. కరెంటు లేని ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నం ఒక్కసారి గడిపినవాళ్ళకి రాదు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. మోసం చెయ్యడానికి వీల్లేని ఓటు యంత్రం కూడా ఆయన తయారుచేశారు. ఆయన మద్రాసు రాష్ట్ర ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయారు, యంత్రం అందుకే చేశారని మాత్రం నేననను. మన దేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం మొదటిసారి ఎన్నికలో వాడింది 1982లో, కేరళలోని పరవూరులో. ఆ యంత్రాలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి తార్నాక నుంచి సిటీ బస్సెక్కితే వచ్చే మన ఈసీఐఎల్. రోజూ ఆ బోర్డున్న బస్సులు చూస్తూనే ఉంటాం కదా.

1930ల్లో ఆయన యూరప్ చాలా తిరిగారు. చేతిలో ఎప్పుడూ కెమెరా. లండన్‌లో ఐదో జార్జి రాజు అంత్యక్రియలని స్వయంగా ఫిల్ము తీశారు. ఇండియాలో గాంధీని, నెహ్రూని, సుభాష్ చంద్రబోస్‌ని తీశారు. జర్మనీలో హిట్లర్‌ని కూడా కలిశారు. ఆయన గురించి రాసేవాళ్ళు కొందరు దీన్నొక ఘనతలా రాస్తారు. నాకలా అనిపించదు. జర్మన్ ఫ్యాక్టరీలు చూడాలన్న ఆకలి అర్థమవుతుంది, ఆ ఫోటోని గొప్పగా చెప్పుకోవడం అర్థం కాదు.

1941లో ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే చెయ్యగలనని ప్రకటించారు. 1952లో పెట్రోలుతో నడిచే రెండు సీట్ల కారు బయటికి తెచ్చారు, ధర 2,000 రూపాయలు. కారు ఆగిపోయింది. యంత్రం పనిచెయ్యక కాదు, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అప్పట్లో ఏ ఫ్యాక్టరీ ఏం చెయ్యాలో, ఎన్ని చెయ్యాలో ఢిల్లీ చెప్పాలి. అన్నీ విప్పి బిగించగలిగిన మనిషి ఫైలుని విప్పలేకపోయారు. ఇక్కడ తప్పంతా ప్రభుత్వానిదే అనేస్తే తేలిక. కానీ ఆయన జీవితం మొత్తం చూస్తే నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. మోటారు విషయంలో ఆయనతో బాలసుందరం ఉన్నారు, ఆ మోటారు ఊరంతా పాకింది. రేజరు, ఫ్యాను, కారు వంటివాటిలో ఆయన ముందు నడిచారు, వెనక తీసుకుపోయేవాళ్ళు లేరు. అవేవీ మోటారులా ఊరంతా పాకలేదు.

రోబో ఎందుకు చెయ్యలేదు అని మా టీమ్‌లో ఒకడు అడిగాడు. నవ్వాం కానీ, ప్రశ్న మంచిదే. 1948, 49ల్లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రవేత్త రెండు మోటార్లు, రెండు వాల్వులు, ఒక ఫోటోసెల్‌తో వెలుతురుని వెతుక్కుంటూ పాకే తాబేళ్ళు చేశాడు. అవి గోడకి తగిలితే పక్కకి తిరిగేవి. ఇంచుమించు ఆ సామానంతా అప్పటికే కోయంబత్తూరులో ఉంది. మోటారు ఉంది, బ్యాటరీ ఉంది, రేడియో వాల్వులు ఉన్నాయి. కానీ గ్రే వాల్టర్ మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని తాబేలు చేశాడు. నాయుడుగారికి ఎదురుగా ఉన్నది నీళ్ళు లేని పొలం, కరెంటు లేని ఇల్లు. ఆయన వాటికే జవాబులు వెతికారు. పొలంలో కూడా ఊరుకోలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి రకాల మీద ప్రయోగాలు చేశారు, వాటిని చూడ్డానికి సి.వి.రామన్, విశ్వేశ్వరయ్య వంటివాళ్ళు వచ్చారు.

కాలేజీ సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అది మన గొడవ. 1944లో బస్సుల వ్యాపారం నుంచి తప్పుకుని డబ్బుని పరిశోధన స్కాలర్‌షిప్పులకీ, పనివాళ్ళ సంక్షేమానికీ మళ్ళించారు. 1945లో ఆయన దానంతో కోయంబత్తూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. బడి నుంచి పారిపోయినాయన దానికి ప్రిన్సిపల్ అయ్యారు. అయ్యాక నాలుగేళ్ళ కోర్సు విద్యార్థుల టైము వృథా చెయ్యడమే అన్నారు. అందులో సగం కాలం చాలని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు.

ఆయన చెప్పింది నిజమేనా? నేను రెండో సంవత్సరంలో ఉన్నాను, ఆయన లెక్క ప్రకారం ఈ మేలో నాకు డిగ్రీ రావాలి. మా రోబో వైరింగు నేర్చుకోవడానికి మాకు పట్టింది మూడు వారాలు. అది ఏ క్లాసులోనూ చెప్పలేదు. అంతవరకు నాయుడుగారు గెలిచారు. కానీ సర్వో చెప్పిన కోణం దగ్గర ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే, ఎందుకని విప్పి చూస్తే కనిపించదు. పళ్ళచక్రాలు బాగానే ఉంటాయి, వైర్లూ బాగానే ఉంటాయి. తేడా ఎంత ఉంటే ఎంత బలంగా తోయాలి, గమ్యం దగ్గరపడ్డాక ఎంత తగ్గించాలి అన్నది సమీకరణంలో ఉంటుంది. దానికి గణితం కావాలి, గణితానికి టైము కావాలి, బోరు కొట్టే లెక్చర్లు కూడా కొన్ని కావాలి. కంటికి కనిపించే భాగాలతో చేసిన యంత్రాల కాలం మనిషి ఆయన. మన యంత్రంలో సగం కనిపించదు. ఇంకోవైపు, నాలుగేళ్ళూ అయిపోయి ఒక్క స్క్రూ కూడా విప్పకుండా వెళ్ళిపోయేవాళ్ళు మన క్యాంపస్‌లో ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు. అది తలుచుకుంటే ఆయన కోపం న్యాయంగానే ఉందనిపిస్తుంది. మా టీమ్‌లో ఈ వాదన ఇంకా తేలలేదు.

కాలేజీ 1950లో తడాగం రోడ్డుకి మారిపోయింది. ఇప్పుడు అది గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. కోర్సు నాలుగేళ్ళే. అవినాశి రోడ్డు మీద అది మొదట ఉన్న చోటు బస్ స్టాపుని మాత్రం ఇప్పటికీ హోప్స్ కాలేజీ అనే పిలుస్తారు, అక్కడ కాలేజీ లేకపోయినా, ఆ గవర్నరు ఎవరో ఎవరికీ తెలియకపోయినా. దగ్గర్లో టైడల్ పార్కు ఉంది, మన సీఎస్ఈ సీనియర్లు ఆఫర్ లెటర్లు పట్టుకుని దిగే స్టాపు అదే.

1967లో తను చేసినవీ, పోగుచేసినవీ అన్నీ ఒకచోట పెట్టి పిల్లలు చూడ్డానికి పారిశ్రామిక ప్రదర్శనశాల తెరిచారు. 1974 జనవరి 4న పోయారు, ఎనభై ఏళ్ళు నిండాయి. రసాంత్ రేజరు, రడ్జ్ మోటారుసైకిలు కోయంబత్తూరులో ఆయన పేరు మీద ఉన్న మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు కోయంబత్తూరులో దిగొచ్చు. సెమిస్టర్ పరీక్షలయ్యాక మా టీమ్ వెళ్దామనుకుంటోంది, రోబో అప్పటికి నడిస్తే దాన్నీ తీసుకెళ్తాం. రావాలనుకునేవాళ్ళు క్లబ్‌లో పేరివ్వండి.